పాత ఫోటోల్లో మనుషుల్ని వదిలేసి వెనకాల చూడండి, ఏం కనిపిస్తోంది?

గోదారిగట్టు:
మా అమ్మమ్మ గారింట్లో భోషాణం సర్దుతుంటే ఒక పెళ్ళి ఫోటో దొరికింది. అమ్మమ్మ చెల్లెలి పెళ్ళిట, మండపేట దగ్గర పల్లెటూరు. మనుషులంతా ఎవరెవరో అమ్మ చెప్పేసింది, ఆ గొడవ లేదు. నాకు మాత్రం వాళ్ళకంటే చుట్టూ ఉన్నవి చూడబుద్ధేసింది. అరుగు కింద ఇత్తడి గంగాళం, దాని పక్కన విస్తరాకుల కట్టలు, గోడ నిండా పిడకలు (పెళ్ళివారొస్తున్నా పీకలేదన్నమాట), ఎడమ చివర గాడిపొయ్యి, దాని పొగలో చొక్కా లేని కుర్రాడొకడు గరిటె పట్టుకుని కెమెరా వైపు తల తిప్పాడు. కదిలాడు కాబట్టి మొహం చెదిరిపోయింది. వాడెవడో అమ్మకీ తెలీదు. పెళ్ళికొడుకు ఏమో బిగుసుకుపోయి కూర్చున్నాడు, పెళ్ళిరోజున ఏం అనుకుంటున్నాడో వాడి మొహం చూసి ఏమీ చెప్పలేం. ఆ ఊళ్ళో ఆ పూట ఏం జరుగుతోందో మాత్రం ఆ గరిటె కుర్రాడి వైపు చూస్తే తెలుస్తుంది.

మీ ఇళ్ళల్లోనూ ఉంటాయి కదా ఇలాంటివి. ఫోటోలో ఎవరున్నారని కాదు, ఏమున్నాయో చెప్పండి. ఇంకోటి, వెనక తేదీ లేదు, స్టూడియో ముద్ర సగం చెరిగిపోయింది. ఏ సంవత్సరమో పట్టుకునే దారి ఏదైనా ఉందా?

నెగటివ్‌బాబు:
ఉంది. మాది మూడు తరాల స్టూడియో, గుంటూరు వైపు. ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలూ జెరాక్సులే అనుకోండి.

ముందు సైజు చూడండి. ఫోటో చదరంగా ఉండి చిన్నదైతే 120 ఫిల్ము మీద తీసి ఉండొచ్చు. అగ్ఫా క్లిక్ త్రీ అని ఒక డబ్బా కెమెరా మన దేశంలోనే తయారయ్యేది, రోలుకి 12 ఫోటోలు, దాంతో తీసిన ఫోటోలు తెలుగిళ్ళల్లో బోలెడు. అంచులు రంపపు పళ్ళలా కోసి ఉంటే ఎక్కువగా నలభైల నుంచి అరవైల దాకా. పెద్ద గ్రూపు ఫోటో అయి, చివరి వరసలో వాళ్ళ చొక్కా గుండీలు కూడా స్పష్టంగా కనిపిస్తుంటే అది ముక్కాలిపీట మీద పెట్టి నల్లగుడ్డ కప్పుకుని తీసే పెద్ద కెమెరా. నెగటివ్ ఎంత ఉంటే ఫోటో అంత, పెద్దది చేయడం లేదు, అందుకే ఆ స్పష్టత.

తర్వాత ఫోటోలోని రాతలు వెతకండి. భూతద్దంతో కాదు, ఫోన్లో తీసి పెద్దది చేసి చూడండి. కొట్టు బోర్డు మీద ధర అణాల్లో ఉంటే ఒక లెక్క, నయాపైసల్లో ఉంటే ఇంకో లెక్క. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, ఆ "నయా" తీసేసింది 1964లో. తెలంగాణ వైపు ఫోటోల్లో ఇంకో తిరకాసు ఉంటుంది, అక్కడ నిజాం నాటి హాలీ సిక్కా యాభైల చివరి దాకా చెలామణిలో ఉంది. ముద్ర మీద అడ్రసులో మద్రాసు రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబరుకి ముందు అచ్చు వేయించిన ముద్ర అనుకోవచ్చు, కానీ మా తాతలాంటివాళ్ళు పాత ముద్రే అరిగిపోయేదాకా వాడారు, దాన్ని పూర్తిగా నమ్మకండి.

కదిలిన కుర్రాడి సంగతి. తక్కువ వెలుగులో సగం సెకను, ఒక సెకను తెరిచి ఉంచేవాళ్ళు. లెన్సు మూత చేత్తో తీసి, నోట్లో లెక్కపెట్టి, మళ్ళీ మూత పెట్టడమే. "ఊపిరి బిగబట్టండి" అని అరుస్తారు. అప్పటివాళ్ళు నవ్వేవాళ్ళు కాదు, సీరియస్ మనుషులు అంటారు చూడండి, సగం కారణం అదే. సెకను పాటు నవ్వు నిలబెట్టి చూడండి అద్దంలో.

సన్నజాజి:
మా ఇంట్లో నాలుగు తరాల ఆడవాళ్ళకీ ఒకే ఫోటో ఉంది, పూలజడ ఫోటో. మనుషులు మారారు, ఫోటో మారలేదు. పిల్ల పక్కకి తిరిగి నిలబడాలి, వెనక నిలువుటద్దం, అందులో జడ కనిపించాలి. చేయి ఒక స్టాండు మీద, స్టాండు మీద పూలకుండీ. జడ కుట్టడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టేది, మల్లెమొగ్గలు విచ్చేలోపు స్టూడియోకి పరుగు. మా పిన్ని చెప్పేది, జడ బరువుకి మెడ లాగేస్తుంటే ఏడుపొస్తోంది, ఏడిస్తే కాటుక కారుతుంది, ఆ భయంతో బిగబట్టి నిలబడితే ఫోటో చూసిన వాళ్ళందరూ "ఎంత పొందికగా నిలబడిందో" అన్నారట.

వెనకాల చూడమన్నారు కదా. మా అమ్మ ఫోటోలో అద్దంలో జడతో పాటు ఇంకోటి కూడా పడింది. ఒక మగమనిషి మోచేయి, దాని కింద సంచీ. మా తాతయ్య అది. ఆడపిల్లని ఒంటరిగా స్టూడియోలో వదలడు కదా, అక్కడే నిలబడి కాపలా కాశాడు. ఆయనకి విడిగా ఒక్క ఫోటో లేదు, ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని నమ్మేవాడు. ఉన్నది ఆ మోచేయే.

పాతబస్తీపిల్ల:
సన్నజాజి గారూ, ఆ కాపలా సమస్యకి హైదరాబాదులో 1892లోనే పరిష్కారం దొరికింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరుగా ఉన్న లాలా దీన్‌దయాళ్ ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో పెట్టించారు, దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషు ఆవిడ. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల మగపురుగు ఉండదు. అయితే అది పరదా పాటించే పెద్దింటి వాళ్ళ సంగతి. అదే సికింద్రాబాదులో రోడ్డు పక్కన రాళ్ళు కొట్టే ఆడమనిషికి పరదా లేదు, ఫోటో కూడా లేదు.

దీన్‌దయాళ్ ఫోటోలంటే అందరికీ ఫలక్‌నుమా, వేట, పులి పక్కన నిలబడ్డ దొరలు గుర్తొస్తారు. నాకు మాత్రం ఆయన పోయాక వాళ్ళ స్టూడియో తీసిన మూసీ వరద ఫోటోలు ఎక్కువ ఇష్టం. ఇష్టం అనకూడదేమో, 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద అది, వేలమంది పోయారు. కానీ గోడలు కూలిపోయాక ఇళ్ళ లోపలివన్నీ బయటపడ్డాయి. గోడలో గూళ్ళు, దీపం పెట్టే చోటు మసి, పైకప్పు దూలాలు. రాజుగారి ఫోటోగ్రాఫరు మామూలు రోజుల్లో ఆ ఇళ్ళలోకి ఎందుకెళ్తాడు? వరద వస్తేనే మామూలోళ్ళ ఇల్లు ఫోటోలో పడింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. అటు వెళ్ళినప్పుడు చూడండి.

పెదబాబు:
ఏమైనా ఆ రోజులే వేరండి. మా ఉమ్మడి కుటుంబం ఫోటోలో 34 మంది ఉన్నారు, ఒక్కళ్ళకి పొట్ట లేదు, ఒక్కళ్ళకి కళ్ళజోడు లేదు. మొహాలు చూడండి, నున్నగా, కళకళలాడుతూ. ఇప్పుడు ముప్పై ఏళ్ళకే బీపీలు, షుగర్లు, టెన్షన్లు.

నెగటివ్‌బాబు:
పెదబాబు గారూ, ఆ నున్నదనంలో కొంత మావాళ్ళ పనితనం ఉందండి, చెప్పకపోతే పాపం. రీటచింగ్ అని చేసేవాళ్ళు. నెగటివ్‌ని అద్దం బల్ల మీద పెట్టి, కింద నుంచి వెలుగు పడేలా చేసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొహం మీద చుక్కలు చుక్కలుగా నింపడం. మచ్చ ఉన్నచోట నెగటివ్ పలచగా ఉంటుంది, అక్కడ పెన్సిల్ పడితే ప్రింటులో తెల్లబడిపోతుంది. మా తాత రోజంతా చేసిన పని ఎక్కువగా అమ్మవారి మచ్చలు చెరపడమే. అప్పట్లో ఊళ్ళో ఎంతమందికి ఉండేవి ఆ మచ్చలు! మన దేశంలో మశూచి ఆఖరి కేసు 1975లో. అంతకు ముందు ఫోటోల్లో వెతకండి, మొహం మీద మచ్చలున్న వాళ్ళు దాదాపు కనిపించరు. పెళ్ళిచూపులకి పంపే ఫోటో అయితే డబ్బులు ఎక్కువిచ్చి మరీ చెరిపించుకునేవాళ్ళు, ఆ తర్వాత పెళ్ళిలో ఏం జరిగిందో మాకెందుకులెండి.

కళ్ళజోడు లేకపోవడం కూడా అంతే. అద్దాల మీద వెలుగు పడి తెల్లగా మెరుస్తుందని మేమే తీయించేవాళ్ళం.

పెదబాబు:
సరే, మచ్చలు చెరిపారు. 34 మంది ఒక కప్పు కింద ఉన్న మాట నిజమే కదా? దాన్నెవరూ పెన్సిల్‌తో గీయలేదు కదా?

సన్నజాజి:
34 మంది ఉన్నమాట నిజమే బాబాయి గారూ. వాళ్ళందరికీ వండిన మనిషి ఫోటోలో ఎక్కడుందో కూడా చూసి చెప్పండి. మా ఇంటి గ్రూపు ఫోటోలో మా నాయనమ్మ లేదు. ఎందుకు లేదని అడిగితే "అట్లు పోస్తోంది, పిలిస్తే వస్తానంది, ఈలోగా తీసేశారు" అన్నారు.

మెట్టచేను:
ఇది బాగా చదువుతున్నా గానీ ఒక మాట అనాలి. మీరందరూ చెప్పేది ఫోటో ఉన్నవాళ్ళ కథ. మాది అనంతపురం జిల్లా, మెట్ట సేద్యం. మా జేజి బతికిన 80 ఏళ్ళలో ఆమెను కెమెరా ముందు కూర్చోబెట్టింది ఒకే ఒక్కసారి, ఓటరు కార్డు కోసం. ఆ ఫోటో కార్డులే 1993 తర్వాత మొదలైనాయి. బడి వరండాలో బెంచీ వేసి, వెనక దుప్పటి కట్టి, వరసగా కూర్చోబెట్టి తీసినారు. ఆమె పోయినాక దినానికి పటం కావాలంటే ఆ కార్డునే పెద్దది చేయించినాం. ముఖం సగం మసక, భుజం మీద ముద్ర గీత కూడా వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో దండ వేసి ఉన్నది ఆ పటమే. మా ఊర్లో ఏ ఇంటికి పోయినా ఆ వయసు ఆడవాళ్ళ పటాలు ఇట్లాంటివే, రేషన్ కార్డుదో, పింఛను పుస్తకందో.

అంతకు ముందు మావైపు మనుషుల ఫోటోలు లేవా అంటే ఉన్నాయి. 1876-78 కరువు, ధాత కరువు అని ఇప్పటికీ పెద్దోళ్ళు అంటారు, అప్పుడు మద్రాసు సైన్యంలో ఉండిన హూపర్ అనే తెల్లదొర కరువులో ఎముకలు తేలిన మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి, అచ్చం మీ స్టూడియో గ్రూపు ఫోటో మాదిరి తీసినాడు. కూర్చునేదానికే సత్తువ లేనోళ్ళను ఒకరికొకరు ఆనించి కూర్చోబెట్టినట్టు ఉంటుంది చూస్తే. తర్వాత 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేసినాడు, దాంట్లోనూ ఫోటోలుండాయి. కింద కులం పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. మీ గరిటె కుర్రాడి పేరు మీ అమ్మకు తెలీదన్నారు కదా గోదారిగట్టు గారూ, అదీ ఇదీ ఒకటే అననుగానీ, చాలా దూరం కూడా కాదు.

గోదారిగట్టు:
మెట్టచేను గారూ, ఆ మాట తగిలింది, తగలాల్సిందే. అమ్మని మళ్ళీ అడిగితే వంటవాళ్ళు రామచంద్రపురం నుంచి వచ్చేవాళ్ళని మాత్రం గుర్తుంది. పెళ్ళిలో వడ్డించిన కూరలు ఏడూ చెప్పింది, వండినవాళ్ళ పేర్లు ఒక్కటీ రాలేదు.

అడవిదారి:
మెట్టచేను అన్నా చెప్పినదానికి ఒక చిత్రమైన తోక ఉంది. నేను ఉట్నూరు వైపు పనిచేశాను. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అని ఆస్ట్రియా ఆయన, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నిజాం రాజ్యంలోనే ఉండిపోవాల్సి వచ్చింది, ఆ కాలంలో నల్లమల చెంచుల మధ్యా, ఆదిలాబాదు గోండుల మధ్యా తిరిగాడు. ఆయన ఫోటోలు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయం దగ్గర ఉన్నాయి. వాటిలో చెంచు ఆడవాళ్ళు గునపంకర్రతో గడ్డలు తవ్వుతుంటారు, పిల్లలు పక్కన మట్టిలో ఆడుతుంటారు. అంటే 1940 ప్రాంతంలో ఒక చెంచు కుటుంబం మధ్యాహ్నం పూట ఏం చేసేదో మనకి ఫోటో సాక్ష్యం ఉంది, అదే సంవత్సరం తెనాలిలో ఒక గుమాస్తా ఇంట్లో మధ్యాహ్నం ఏం జరిగేదో లేదు! గుమాస్తా గారు కోటు వేసుకుని స్టూడియోకి వెళ్ళి మధ్యాహ్నాన్ని ఇంట్లో వదిలేశారు. మనది మనకి మామూలే కదా, ఫోటో ఎందుకు అనిపిస్తుంది. బయటివాడికే అది వింత.

ఆ హైమండార్ఫ్ భార్య సమాధి పాత ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో ఉంది, గోండులు ఇప్పటికీ వాళ్ళిద్దర్నీ తలుచుకుంటారు. అందుకని బయటివాళ్ళు తీసిన ప్రతి ఫోటోనీ హూపర్ ఖాతాలో వేయలేం. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో ఫోటోగ్రాఫరు సునీల్ జానా వచ్చి తీసినవి కూడా చూడండి, ఆ రైతులు తల వంచుకుని ఉండరు.

సిక్కోలువాసి:
కోటు అన్నారు కాబట్టి చెప్తున్నాను. మా ముత్తాత రంగం, అంటే బర్మా, వెళ్ళాడు. మావైపు అప్పట్లో ఇంటికొకడు వెళ్ళేవాడు, కాకినాడ, విశాఖ, కళింగపట్నం రేవుల నుంచి స్టీమరు ఎక్కితే రంగూనులో తేలడమే. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవులో బస్తాలు మోసే పని. మనవాళ్ళని అక్కడ కొరంగీలు అనేవాళ్ళు, కోరంగి రేవు పేరు మీద.

ఆయన పంపిన ఫోటో ఉంది. కోటు, బూట్లు, చేతిలో కర్ర, వెనక తెర మీద రంగుల తోట, మెట్లు, హంసలు. మా ఇంట్లో అందరూ "తాత అక్కడ దొరలా బతికాడు" అని చెప్పుకుంటూ వచ్చారు. చిన్నప్పుడు నేనూ ఆ గొప్ప చెప్పుకున్నవాడినే. పెద్దయ్యాక ఫోటో స్కాన్ చేసి పెద్దది చేసి చూస్తే, కోటు చేతులు మణికట్టుకి జానెడు పైనే ఆగిపోయాయి. అది స్టూడియో వాడి కోటు, వచ్చిన ప్రతివాడూ తొడుక్కునేదే. బూట్లు వేసుకున్నాడు గానీ తాళ్ళు కట్టలేదు, కట్టడం రాలేదేమో, కాళ్ళకి పట్టలేదేమో. చేతి వేళ్ళు చూస్తే మాత్రం బస్తాలు మోసిన వేళ్ళే. నెగటివ్‌బాబు గారి తాతలాంటివాడు అక్కడ మొహం నున్నగా చేశాడు, వేళ్ళ జోలికి పోలేదు.

1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగూను మీద బాంబులు వేశాక లక్షల మంది మనవాళ్ళు నడిచీ, పడవలెక్కీ వచ్చేశారు. మా ముత్తాత అరకాను దారిన నడిచి వచ్చాడట. దాని ఫోటో ఏమీ లేదు మా దగ్గర. ఉన్నది ఆ హంసల తోట ఒక్కటే.

నెగటివ్‌బాబు:
స్టూడియో కోటు గురించి సిక్కోలు అన్న చెప్పింది అక్షరాలా నిజం. మా దగ్గర కోటు, టై, ఒక చేతిగడియారం ఉండేవి. గడియారం నడవదు. చేయి ముందుకు పెట్టించేది అది కనపడ్డానికే. తర్వాత ట్రాన్సిస్టరు రేడియో వచ్చింది, కొత్త దంపతుల మధ్య స్టూలు వేసి దాన్ని పెట్టేవాళ్ళం, పిల్లాడు పుట్టాక ఆ స్టూలు మీద పిల్లాడు. పౌడరు, దువ్వెన, బొట్టుసీసా ఉచితం.

సన్నజాజి:
రీటచింగ్ అంటే గుర్తొచ్చింది. మా అమ్మ పూలజడ ఫోటో ఈమధ్య ఒక షాపులో ఇచ్చి రంగులు వేయించాను, అదేదో ఏఐతో చేస్తారట. తెచ్చి చూస్తే అమ్మ తెల్లగా మైదాపిండి రంగులో ఉంది, ముక్కు సన్నబడింది, లంగా నీలం చేశాడు. అది చిలకాకుపచ్చ లంగా, అంచు మెరూన్, ఇప్పటికీ బీరువాలో ఉంది. అన్నిటికంటే ఒళ్ళు మండింది ఏమిటంటే, అద్దంలో తాతయ్య మోచేయి లేదు! అనవసరమైనది అనుకుని చెరిపేసిందట. డబ్బులు పోతే పోయాయి, పాత ఫోటో నాదగ్గరే భద్రంగా ఉంది.

పాతబస్తీపిల్ల:
చేత్తో రంగులు వేసే ఆయన అయితే కనీసం "అమ్మా, లంగా ఏం రంగు?" అని అడిగేవాడు. తెల్లగా చేయడం మాత్రం వాళ్ళ రోజుల నుంచీ ఉన్న జబ్బే.

గోదారిగట్టు:
నెగటివ్‌బాబు గారూ, మీరు చెప్పినట్టే ఫోన్లో తీసి పెద్దది చేసి చూశాను. కుడి చివర పందిరి గుంజ వెనక కిళ్ళీ కొట్టు, దాని పలక మీద సుద్దతో "సోడా" అని రాసి, కింద అంకె, పక్కన "న.పై." అని స్పష్టంగా ఉంది. అంటే 1957కీ 1964కీ మధ్య. అమ్మమ్మ చెల్లెలికి మొదటి కొడుకు పుట్టింది 1961లో, కాబట్టి ఇంకా దగ్గర పడింది.

పెదబాబు:
నేనూ మా 34 మంది ఫోటో తీసి చూశాను, సన్నజాజి అమ్మాయి అన్నాక. మా అమ్మ ఉంది, చివరి వరసలో తలుపు దగ్గర. ఒక చేయి తలుపు గొళ్ళెం మీద ఉంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకునే ఉంది, అంటే పనిలోంచి వచ్చి నిలబడింది. ఉమ్మడి కుటుంబం బాగుండేదన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను. మాకు, పిల్లలకి, బాగుండేది.

అడవిదారి:
పిల్లలకి బాగుండేదన్న మాట ఎవరూ కాదనరు బాబాయ్ గారూ.

మెట్టచేను:
ఒక సాయం కావాల. మా జేజి పటం అద్దానికి అతుక్కుపోయింది. వానకాలంలో గోడ చెమ్మగిల్లి లోపల బూజు కూడా పట్టింది. పీకి కొత్త ఫ్రేము వేయిద్దామని మా తమ్ముడంటాడు. ఇంకోటి, ల్యామినేషన్ చేయిస్తే నిలుస్తుందని ఒకరన్నారు. ఏం చేయాల?

నెగటివ్‌బాబు:
పీకొద్దు అన్నా! ఫోటో మీద ఉండే జిలటిన్ పొర చెమ్మకి మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది, పీకితే మొహం అద్దంతో వచ్చేస్తుంది, కాగితం మన చేతిలో మిగులుతుంది. ఫ్రేము విప్పి, అద్దంతో పాటే ఉంచి, అద్దం బయటివైపు మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, ఆ అద్దంలోంచే ఫోటో తీయించండి. ఆరుబయట నీడలో, ఎండ నేరుగా పడకుండా, ఫ్లాష్ లేకుండా. తీసేవాడు నల్లచొక్కా వేసుకుంటే అద్దంలో వాడి నీడ పడదు. ఆ కాపీ నుంచి కొత్త పటం చేయించుకోండి, మసక పోగొడతాం అని ఎవడన్నా అంటే మాత్రం సన్నజాజి గారి మోచేయి గుర్తు పెట్టుకోండి. పాతదాన్ని అద్దంతో సహా నూలుగుడ్డలో చుట్టి పొడిచోట పెట్టండి, బయటిగోడకి తగిలించొద్దు.

ల్యామినేషన్ అసలు వద్దు, వేడికి పాడవుతుంది, మళ్ళీ విప్పడానికి ఉండదు. ఎనభైల్లో వచ్చిన జిగురు పేజీల ఆల్బమ్‌లు, పైన ప్లాస్టిక్ కాగితం ఉండేవి, అవి ఎవరి దగ్గరున్నా ఫోటోలు జాగ్రత్తగా బయటికి తీసేయండి. నలుపు-తెలుపువి కడుగుడు సరిగ్గా ఉంటే వందేళ్ళు ఆగుతాయి. కంగారు పడాల్సింది 75-90 మధ్య కలర్ ఫోటోల గురించి, అవి ఎర్రబడిపోతున్నాయి, ముందు వాటిని స్కాన్ చేయించుకోండి, కనీసం 600 డీపీఐ. వెనక పేర్లు రాసేటప్పుడు బాల్‌పెన్ను వద్దు, అచ్చు పడుతుంది, మెత్తటి పెన్సిల్‌తో నొక్కకుండా రాయండి.

మెట్టచేను:
సరే అన్నా. ఆదివారం తీయిస్తా. నల్లచొక్కా మా తమ్మునికి ఉంది, వానికే చెప్తా ఫోన్ పట్టుకోమని.